రెండు మాటల మధ్య ఖాళీ

మనుషులు కారులో ఆఫీసుకు వెళ్లే సమయానికి మా ప్రాడక్ట్ మేనేజరు ఒక పేరు పెట్టాడు. డెడ్ టైమ్. ప్రతి వీడియో మీటింగులోనూ ఆ మాట ఒకసారైనా వాడకుండా ఉండేవాడు కాదు. ఆ చచ్చిన సమయానికి ప్రాణం పొయ్యడమే మన పని అని నవ్వుతూ చెప్పేవాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు మా వదిన కారు గుర్తొచ్చి ఒళ్లు మండేది.

నేను జంషెడ్‌పూర్‌లో, బిర్సానగర్‌లోని మా ఇంట్లో కూర్చునే దక్షిణాదిలో ఉన్న ఒక కంపెనీకి పనిచేసేదాన్ని. వాళ్లు తయారుచేస్తున్నది గొంతుతో నడిచే యాప్. కారు నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీద ఉండాలి, చేతులు స్టీరింగ్ మీద ఉండాలి. ఇక మిగిలేవి చెవులూ నోరూ. వాటితోనే మెయిళ్లు వినాలి, జవాబులు పంపాలి, మీటింగులు మార్చుకోవాలి, మర్చిపోకూడని పనులు రాయించుకోవాలి. యాప్ అంటే తెర మీద బొమ్మలనుకుంటారు చాలామంది. మా దానికి తెరతో పనే లేదు. అది ఏం మాట్లాడాలి, ఎంత పొడుగ్గా మాట్లాడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఇవి తేల్చి రాయడమే నా ఉద్యోగం. హిందీ అయిపోయాక తెలుగు కూడా పెడదామన్నారు. అది నా చేతికొచ్చింది.

నేను ముందుగా చేసిన పని మా వదిన కారు వెనక సీట్లో కూర్చోవడం. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మా అన్నయ్య స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు షిఫ్టుల్లో పనిచేస్తాడు. ఆయన ఏ పూట ఇంట్లో ఉంటాడో ఏ పూట ఉండడో తెలియదు. కారు వదినదే. ఆవిడ డిప్లొమా చదివింది. ఖర్‌కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో యంత్రాల విడిభాగాలు చేసే ఒక చిన్న యూనిట్‌లో కొనుగోళ్లు చూస్తుంది. పొద్దున్నే కూతుర్ని కాసిడీహ్‌లో బడి దగ్గర దింపి, అక్కణ్నుంచి బ్రిడ్జి దాటి పనికి వెళ్తుంది. నేను కొన్ని వారాలపాటు వాళ్లతో పాటు వెళ్లి, బ్రిడ్జి దాటాక దిగి, ఆటోలో వెనక్కి వచ్చేదాన్ని.

మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఇనుము పనికి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. వదిన కూతురితో తెలుగులో మాట్లాడుతుంది, అది హిందీలో జవాబిస్తుంది. ఇద్దరి భాషలూ వేరని ఆ ఇద్దరికీ తోచదు.

"మమ్మీ, ఆజ్ ఫిర్ టెస్ట్ హై."

"నిన్ననే కదే అయిపోనాది. మల్లీ ఏటి టెస్టు?"

"వో మేథ్స్ కా థా. యే కెమిస్ట్రీ కా హై."

"సదివేవా మరి?"

"థోడా."

"థోడా అంటే ఎంతో సెప్పు. నీ థోడా నాకు తెలీదేటి."

ఇంట్లో ఆ పిల్ల గది తలుపు వేసుకుంటుంది. అన్నం దగ్గర రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప. కారులో మాత్రం మాట్లాడుతుంది. బహుశా ఇద్దరూ ముందుకే చూస్తూ ఉంటారు కాబట్టి అయి ఉంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. ఎవరూ వంటింట్లోకి లేచి వెళ్లిపోరు. వదిన ఆ దారి కోసం పొద్దున్న పనులన్నీ పరుగుల మీద చేసుకునేది. కాసిడీహ్ దాకా ఉన్న ఆ కాస్త సేపులోనే ఆ తల్లీకూతుళ్ల మాటలన్నీ జరిగేవి. మా మేనేజరు డెడ్ టైమ్ అని పేరు పెట్టింది దానికి.

అందుకే నేను ఒక నియమం రాశాను. కారులో రెండు గొంతులు వినిపిస్తే యాప్ నోరెత్తకూడదు. పక్కనున్న మనిషి దిగిపోయాక, కారు మళ్లీ నిదానంగా సాగుతున్నప్పుడు, ఒక్క చిన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. దానికి పక్కమనిషి నియమం అని పేరు పెట్టుకున్నాను. మా బృందంలో ఒక కుర్ర ఇంజనీరు ఇష్టపడి దాన్ని పనిచేసేలా చేశాడు. మొదటిసారి వదిన కారులో పరీక్షించినప్పుడు అది కాసిడీహ్ దాకా కిక్కురుమనలేదు. పిల్ల దిగిపోయి, మేం పెద్ద రోడ్డెక్కాక మెల్లగా, "రెండు మెయిళ్లు వచ్చాయి. చదవమంటారా?" అంది.

"సదువు," అంది వదిన.

"క్షమించండి, అర్థం కాలేదు."

వదిన అద్దంలోంచి నావైపు చూసి నవ్వింది. "మీ దానికి తెలుగు రాదేటమ్మాయ్."

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజే మా మాటల జాబితా పంపాను. సదువు, సెప్పు, ఉండు, ఏటి, ఒద్దు, తరవాత సూద్దాం. మా మేనేజరూ తెలుగువాడే. మీటింగులో ఆ జాబితా తెరిచి పెదవి విరిచాడు.

"ఈ భాష వద్దండి. నీట్ తెలుగు పెడదాం. యూజర్లు అలవాటు పడిపోతారు," అన్నాడు.

"ఇది భాష కాదా?"

"భాషే, కాదనట్లేదు. ప్రొఫెషనల్‌గా ఉండదు. మెయిల్ పంపే యాప్‌తో అలా మాట్లాడతారా ఎవరైనా?"

"మా వదిన మాట్లాడింది. ఆవిడ రోజూ పంపే మెయిళ్లు మీరూ నేనూ కలిసి పంపేవాటికంటే ఎక్కువ."

"వాళ్లకి ఒక ట్రైనింగ్ వీడియో చేద్దాం," అన్నాడాయన. ఎలా పలకాలో నేర్పే వీడియో. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషని మా వాళ్లు కారెక్కగానే దిద్దుకోవాలట, ఫోనుకి ఇబ్బంది కలగకుండా. బతిమాలో పోట్లాడో మూడు నాలుగు మాటలు పెట్టించగలిగాను. మిగిలినవి తర్వాతి విడతలో అన్నారు. ఆ విడత నేనున్నంతకాలం రాలేదు.

ఇంతలో వదిన పనిచేసే యూనిట్ యజమాని ఆ యాప్ కొన్నాడు. కారులో వచ్చే సిబ్బంది అందరి ఫోన్లలోనూ పెట్టించాడు. అప్పటిదాకా నా కోసం సరదాగా వాడిన వదినకి అది ఆఫీసు పని అయింది. అదే సమయంలో కొత్త వెర్షన్ వచ్చింది. అందులో నా పక్కమనిషి నియమం లేదు.

ఆ సంగతి మేనేజరు శుభవార్తలా చెప్పాడు. చాలా కార్లలో ఇద్దరు మనుషులుంటున్నారట. అలాంటి చోట యాప్ దారంతా ఊరికే కూర్చుంటోందట. అందుకని కొత్త పద్ధతి కనిపెట్టారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే యాప్ అడ్డు రాదు. మాటల మధ్య ఖాళీ కోసం చూస్తుంది. ఖాళీ దొరకగానే తన మాట చెప్తుంది.

"చాలా పొలైట్‌గా ఉంటుంది. ఎవరి మాటా తెంచదు," అన్నాడు.

"మనుషులు ఊరికే ఆగరండి. ఆలోచించుకోడానికి ఆగుతారు," అన్నాను.

"ముందు ఒకసారి టెస్ట్ చేసి చూడండి," అన్నాడు.

చూశాను. ఆ పొద్దున వాన పడుతోంది. రోడ్డు మీద లారీలూ, షిఫ్టు దిగి వెళ్తున్నవాళ్ల సైకిళ్లూ, ఆటోలూ. వదిన మెల్లగా నడుపుతోంది. పిల్ల ముందు సీట్లో కూర్చుంది. ఆ రోజు టెస్టుల గురించీ టీచర్ల గురించీ ఏమీ చెప్పలేదు. కాసిడీహ్ ఇంకా కొంచెం దూరముందనగా, కిటికీ మీంచి చూపు తిప్పకుండా అంది.

"మమ్మీ, ఏక్ బాత్ బోలూఁ?"

"సెప్పమ్మా."

పిల్ల వెంటనే చెప్పలేదు. బ్యాగు జిప్పు కొంచెం తెరిచి మళ్లీ మూసింది. వదిన తొందరపెట్టలేదు. కూతురు అలా ఆగినప్పుడు కదిలించకూడదని ఆవిడకు తెలుసు. నేను కూడా వెనక కదలకుండా కూర్చున్నాను.

యాప్‌కి కావలసిన ఖాళీ అదే.

"మీకు మూడు పనులు మిగిలి ఉన్నాయి. మొదటిది, బేరింగులు పంపేవారికి జవాబు. ఇప్పుడు చెప్తారా?"

"ఉండు," అంది వదిన.

"క్షమించండి, అర్థం కాలేదు. జవాబు ఇప్పుడు చెప్తారా?"

"ఉండెహె, మాటాడతన్నాం."

"మాటాడతన్నాం అని జవాబు పంపమంటారా?"

"ఒద్దు."

"సరే. అయితే రెండో పని చూద్దాం."

అప్పుడే ముందున్న ఆటో చెయ్యి కూడా చూపకుండా అడ్డంగా తిరిగింది. వదిన గట్టిగా బ్రేకు వేసి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని కారు పక్కకు తీసింది. యాప్ మాత్రం ఎంతో మర్యాదగా రెండో పని చదువుతూనే ఉంది. నేను వెనకనుంచి వంగి ఫోను లాక్కుని కట్టేశాను.

"ఆగిపోనాది. సెప్పమ్మా, ఏటో అన్నావు," అంది వదిన.

"ఛోడో మమ్మీ. కుఛ్ నహీఁ."

"ఏటీ లేదంటావేటి, సెప్పు."

"బోలా నా, కుఛ్ నహీఁ."

బడి గేటు వచ్చింది. పిల్ల గొడుగు విప్పుకుని దిగిపోయింది. వెనక కార్లు హారన్లు కొడుతున్నా వదిన కాసేపు కదల్లేదు.

"ఏదో సెప్పబోనాది," అంది.

"సాయంత్రం అడుగు వదినా."

"అడిగితే సెప్పే గుంటయితే ఇంట్లోనే సెప్తాది కదా. కార్లో ఎందుకు సెప్తాది?"

బ్రిడ్జి ఎక్కాం. నది ఎర్రగా, నిండుగా పారుతోంది. నేను దిగే చోట వదిన ఫోను తీసి చేత్తో పట్టుకుని అడిగింది.

"ఇందులో మాటలు నువ్వు రాసినవేనా?"

"మాటలు నావే వదినా. మద్దెలో దూరమని నేను చెప్పలేదు. వద్దనే చెప్పాను."

"మరి నీ మాటలు ఆడి సేతిలో ఎందుకెట్టావు?"

నిందించే గొంతుతో అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. జీతం కోసం అని నోటిదాకా వచ్చింది గాని చెప్పలేదు. ఆటోలో తిరిగొస్తూ నా వాక్యాలే గుర్తు తెచ్చుకున్నాను. నేను ఒక్కో వాక్యాన్నీ పైకి చదువుకుని, కరుకుదనం తీసి, వినేవాళ్లకి చిరాకు రాకుండా దిద్దాను. ఆ మెత్తదనాన్ని తీసుకెళ్లి ఒక పిల్ల నోరు మూయించడానికి వాడారు. మధ్యాహ్నం లోపే జరిగినదంతా రాసి మెయిలు పంపాను. మంచి పాయింటు, తర్వాత చూద్దాం అని జవాబొచ్చింది. చివర్న బొటనవేలు బొమ్మ.

ఆ తర్వాతి వారం యూనిట్ యజమాని అభిప్రాయం తెలుసుకు రమ్మని నన్నే ఆదిత్యపూర్ పంపారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మంచి టీ తెప్పించాడు, ఫ్యాను నావైపు తిప్పాడు. తర్వాత కంప్యూటర్ తెర చూపించాడు. నాకు ఎవరూ చెప్పని సంగతి అక్కడ తెలిసింది. ఎవరు దారిలో ఎంతసేపు యాప్‌తో పనిచేశారో ప్రతివారం యజమానికి రిపోర్టు వెళ్తోంది. మనిషికొక పట్టీ. పనిచేసిన సేపు ఆకుపచ్చ, చెయ్యని సేపు బూడిదరంగు. వదిన పట్టీ ముందు సగం మొత్తం బూడిదరంగే.

ఆయన వదినను పిలిపించాడు. అక్కడ అందరూ హిందీలోనే మాట్లాడుకుంటారు. ఆవిడ చేతిలో ఏదో నమూనా బోల్టుతో వచ్చి నిలబడింది.

"మేడమ్, మీది ఇంత ఖాళీ ఎందుకు వస్తోంది? యాప్ సరిగ్గా పనిచెయ్యడం లేదా? ఆ కంపెనీ మనిషి ఇక్కడే ఉంది, చెప్పండి," అన్నాడు.

వదిన తెర దగ్గరికి వంగి చూసింది.

"ఈ బూడిదరంగు ఎక్కణ్నుంచి ఎక్కడి దాకా సార్?"

"మీ ఇంటి దగ్గర మొదలై కాసిడీహ్ దాకా."

"అయితే అది మా అమ్మాయి సార్. కాసిడీహ్‌లో దిగిపోతుంది."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నేనేం అనట్లేదు మేడమ్. రిపోర్టులో వచ్చింది కాబట్టి అడిగాను."

"నా డ్యూటీ ఈ గేటు లోపలికి వచ్చాక మొదలవుతుంది. ఆలస్యంగా వస్తే అడగండి, సరుకు రాకపోతే అడగండి. దారిలో నేను ఎవరితో మాట్లాడానో మీకు రిపోర్టు ఎందుకు?"

గొంతు పెంచలేదు. బోల్టు బల్ల మీద పెట్టి, దీని మర సరిగ్గా లేదు, వెనక్కి పంపుతున్నాను అని చెప్పి వెళ్లిపోయింది. యజమాని నావైపు చూశాడు, నేనేదైనా సర్దిచెప్తానేమో అన్నట్టు. నేను ఆవిడ చెప్పిందే నా అభిప్రాయం కూడా అని చెప్పాను. ఆ సాయంత్రమే వదిన ఫోనులోంచి యాప్ తీసేసింది. ఆయన మళ్లీ అడగలేదు.

యాప్ పోయింది గాని పిల్ల ఆ రోజు చెప్పబోయింది మళ్లీ చెప్పలేదు. కారులో చెవులకు తీగలు పెట్టుకుని పాటలు వింటూ కూర్చునేది. వదిన ఏదైనా అడిగితే ఊఁ అనేది.

విషయం బడిలో తల్లిదండ్రుల సమావేశంలో బయటపడింది. వదిన వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మా వంటింట్లోకి వచ్చేసింది. క్లాసు టీచరు చెప్పిందట. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన స్నేహితులు పిల్లను విడిచిపెట్టేశారట. ఏదో వాట్సాప్ గ్రూపు తగాదా. దానితో ఎవరూ మాట్లాడటం లేదు. చాలా రోజులుగా మెట్ల మీద ఒక్కతీ కూర్చుని టిఫిన్ బాక్సు తింటోందట.

"రోజూ బాక్సు కాళీగానే తెత్తన్నాది. బాగానే తింతన్నాదనుకున్నాను," అంది వదిన. "ఎక్కడ కూకుని తింతన్నాదో నేనెందుకడుగుతాను."

పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మేం చూసుకోలేదు.

"నాకెందుకు సెప్పలేదే?" అని అడిగింది వదిన.

ఆ పిల్ల ఎప్పుడో గాని తెలుగు మాట్లాడదు. ఆ రోజు తెలుగులోనే చెప్పింది.

"సెప్దామనే అనుకున్నాను. నీ ఫోను మాటాడతన్నాది."

వదిన దాన్ని దగ్గరికి తీసుకుంది. నేను బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది నాకు, ఏదైనా విరగ్గొట్టాలన్నంత.

మర్నాడు మీటింగులో ఆ సంగతి మొత్తం చెప్పాను. అందరి కెమెరాలూ కట్టేసి ఉన్నాయి, మేనేజరుది తప్ప. ఆయన వినడానికి బాధగా ఉందన్నాడు. నిజంగానే అన్నాడనుకుంటాను. తర్వాత మామూలు గొంతులోకి వచ్చేశాడు.

"కానీ ఇది ఎడ్జ్ కేస్ అండి, ఎక్కడో అరుదుగా వచ్చేది. ఒక్క ఫ్యామిలీలో జరిగిందని డిజైన్ మార్చలేం కదా."

"పిల్లల్ని బడికి దింపి పనికి వెళ్లేవాళ్లు మీకు ఎడ్జ్ కేసా?"

"మ్యూట్ బటన్ ఉంది కదా. ఆవిడ నొక్కి ఉండొచ్చు."

"ఏ చేత్తో? చేతులు స్టీరింగ్ మీద ఉండాలనేగా మనం గొంతుతో నడిచేది చేశాం."

"టెక్నికల్‌గా చూస్తే ఆ సమయంలో ఎవరూ మాట్లాడటం లేదు. మనం ఎవర్నీ డిస్టర్బ్ చెయ్యలేదు."

"ఒక పిల్ల మాట్లాడబోతోంది. అది అమ్మకి తెలిసింది. వెనక కూర్చున్న నాకు తెలిసింది. మీ దానికి తెలియకపోతే అది నోరు మూసుకుని ఉండాలి."

ఎవరో దగ్గారు. ఇంజనీరు కుర్రాడు మాత్రం మైకు తెరిచి, ఆ పాత నియమం తీసేసినా కోడ్ అలాగే ఉంది, మళ్లీ పెట్టడం ఒక పూట పని అన్నాడు. మేనేజరు ఆలోచిస్తానన్నాడు. యజమానులకు రిపోర్టులు పంపడం గురించి అడిగితే అది బిజినెస్ వాళ్ల నిర్ణయం, నా పరిధిలోది కాదన్నాడు.

ఆలోచించి వాళ్లు చేసిందేమిటంటే, నా నియమాన్ని తిరిగి పెట్టారు. సెట్టింగుల్లో అన్నిటికంటే అడుగున, వేలు నొప్పెట్టేదాకా జరిపితే గాని కనిపించని చోట, ఒక మీటగా పెట్టారు. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. దాని కింద ఒక హెచ్చరిక ఉండాలన్నారు, దీన్ని ఆన్ చేస్తే మీ ఉత్పాదకత తగ్గవచ్చు అని. ఆ వాక్యం తెలుగులో రాసిమ్మని నాకే పంపారు.

నేను రాయలేదు. రాజీనామా రాసి పంపాను. ఇంకెవరో రాశారు ఆ వాక్యం. తర్వాత ఒకసారి చూశాను, ఉత్పాదకతలో ద కి వత్తు ఉంది. నీట్ తెలుగు పెడతామన్న మనుషులు వాళ్లే.

ఇప్పుడు ఒక కంటి ఆసుపత్రి ఫోను లైనుకి మాటలు రాస్తున్నాను. ముసలివాళ్లు ఫోను చేస్తే ఏం వినిపించాలి, వాళ్లు తడుముకుంటుంటే ఎంతసేపు ఆగాలి, ఇలాంటివి. జీతం తక్కువే. సెప్పండి అన్నా చెప్పండి అన్నా ఆ లైను వింటుంది.

పిల్ల సంగతి ఒక్కరోజులో తేలలేదు. వదిన బడికి వెళ్లి ఎవర్నీ నిలదియ్యలేదు, కూతురు వద్దంది. పొద్దున్న ఇంకాస్త ముందు బయల్దేరి, బడికి ఇవతల ఒక సందులో కారు ఆపుకుని ఇద్దరూ కూర్చునేవారు. కొన్నాళ్లు ఏమీ చెప్పలేదట. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పిందట. పాత స్నేహితులు తిరిగి రాలేదు. పక్క సెక్షన్ పిల్ల ఒకతి మెట్ల మీద దాని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ కొత్త పిల్ల మా ఇంటికొచ్చి గంటలకొద్దీ కూర్చుంటుంది, వాళ్ల నవ్వులతో నాకు పని సాగదు.

నీ కోపం ఇంకా తగ్గలేదా అని అన్నయ్య ఒక్కోసారి వేళాకోళం చేస్తాడు. తగ్గలేదు. మొన్న మా వీధి ఆయన భార్యతో సాక్చి బజారుకు వెళ్తూ నన్నూ కారెక్కించుకున్నాడు. మా వాళ్లే, బరంపురం వైపు నుంచి వచ్చినవాళ్లు. దారిలో ఆవిడ, "అవునయ్యా, ఒక మాట అడగాలి," అని మొదలుపెట్టి ఆగింది. వెంటనే డాష్‌బోర్డు మీంచి వినిపించింది, నేను రాసిన వాక్యం, నేను ఎన్నిసార్లు దిద్దానో ఆ వాక్యం. మీకు రెండు పనులు మిగిలి ఉన్నాయి.

"ఉండవే, ఒక్క నిమిషం," అన్నాడాయన భార్యతో. తర్వాత ఫోనుతో నిదానంగా, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ జవాబు చెప్పాడు. ఎంత కష్టపడి నేర్చుకున్నాడో ఆ పలుకు.

సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఫోను ఓసారి ఇమ్మని అడిగాను. అడుగుదాకా జరిపి ఆ మీట నొక్కి తిరిగి ఇచ్చాను.

"ఏటి సేసేరమ్మా?" అన్నాడు.

"ఇంకెవరైనా కార్లో ఉంటే ఇక మాట్లాడదు," అన్నాను.

ఆయన సరే అన్నట్టు తలూపి భార్య వైపు తిరిగాడు. "ఏటో అడుగుతానన్నావు, ఏటది?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఏటోలే. మర్సిపోనాను," అంది. సాక్చి వచ్చేసింది. సంచులు తీసుకుని అందరం దిగాం.